నిష్పత్తి, రేటు, అనుపాతం: కర్నూలు, కడప సీమల లెక్కల్లో

ఒకే జాతి రాశులు రెండింటిని భాగహారంతో పోల్చి, మొదటిది రెండోదానికి ఎన్ని రెట్లో, ఎన్నో వంతో చెప్పే సంబంధాన్ని నిష్పత్తి అంటారు. పోల్చే రాశులు వేరువేరు ప్రమాణాలవైతే, అంటే పంటను క్వింటాళ్లలోనూ నేలను ఎకరాల్లోనూ కొలిచి ఎకరాకు ఇన్ని క్వింటాళ్లని చెప్పినట్లయితే, ఆ పోలిక రేటు అవుతుంది. రెండు నిష్పత్తులు సమానం కావడం అనుపాతం. రెండు రాశులు ఎంతగా పెరిగినా తరిగినా వాటి నిష్పత్తి మాత్రం మారకుండా నిలిచి ఉంటే ఆ రాశుల మధ్య అనుపాత సంబంధం ఉన్నట్టు. ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో ఈ మూడు భావనలూ ఆరో తరగతిలో మొదలై, ఏడో తరగతిలో ఏకవస్తు పద్ధతి, శాతాలు, వడ్డీ లెక్కలుగా విస్తరించి, ఎనిమిదో తరగతికి అనులోమ, విలోమ అనుపాతాలుగా స్థిరపడతాయి. బీజగణితం, సరూప త్రిభుజాలు, త్రికోణమితి, భౌతికశాస్త్రంలోని వేగం, సాంద్రత వీటి మీదనే నిలుస్తాయి కనుక, ఇక్కడ తడబడిన విద్యార్థికి ఆపై తరగతుల గణితమంతా కొరుకుడు పడకుండా పోయే ప్రమాదం ఉంది.

పాత కర్నూలు, కడప జిల్లాల నేల ఈ పాఠానికి తగిన పుస్తకం. ఏటా ఏడు వందల మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన పడే ఈ మెట్ట సీమలో నీరు, విత్తనం, అప్పు, కూలి అన్నీ తక్కువగానే దొరుకుతాయి. తక్కువగా ఉన్నదాన్ని పంచుకోవలసిన చోట ‘దేనికి ఎంత’ అన్న లెక్క ప్రతి ఇంటికీ నిత్యావసరం. ఆ లెక్కలో గుణకార భాగహారాల కన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఈ సందర్భంలో మారకుండా నిలిచే రాశి ఏది, అసలు అలాంటిది ఉన్నదా, లేదా అన్నది. పాఠ్యపుస్తకాల అభ్యాసాలు ఈ ప్రశ్నను తరచుగా దాటవేసి నేరుగా సూత్రంలోకి దిగుతాయి గనుక దానికి ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఇవ్వడం జరిగింది.

నిష్పత్తి

నిష్పత్తిని రాసేటప్పుడు రెండు సంఖ్యల మధ్య రెండు చుక్కల గుర్తు పెడతారు. ముందున్నది పూర్వపదం, వెనుకనున్నది పరపదం. క్రమం మారితే అర్థం మారుతుంది: గోడకు పూసే మాలులో సిమెంటు, ఇసుక ఒకటికి ఆరు పాళ్లలో కలపమంటే మేస్త్రీ 1:6 కలుపుతాడు, దాన్ని 6:1 అని చదివితే ఆ మాలు పనికిరాదు. రెండు పదాలనూ ఒకే సంఖ్యతో గుణించినా భాగించినా నిష్పత్తి విలువ మారదు. మూడు తట్టలకు పద్దెనిమిది తట్టలన్నా, అర బస్తాకు మూడు బస్తాలన్నా ఒకటికి ఆరే. ఒకే జాతి రాశుల పోలిక కనుక నిష్పత్తికి ప్రమాణం ఉండదు. కడప సీమలోని మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయి ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ఖనిజం సాపేక్ష సాంద్రత నాలుగుకు పైన ఉంటుందంటే, అంతే పరిమాణం గల నీటి కన్నా అది నాలుగు రెట్లకు మించి బరువని అర్థం. ఆ నాలుగుకు కిలోలూ లేవు, లీటర్లూ లేవు. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదను బరువెక్కించడానికి ఆ రాయిని పొడిచేసి కలిపేది ఈ నిష్పత్తి కారణంగానే.

భాగాన్ని భాగంతో పోల్చడం ఒకటి, భాగాన్ని మొత్తంతో పోల్చడం వేరొకటి. ఒకటికి ఆరు పాళ్ల మాలులో సిమెంటు ఆరో వంతు కాదు, ఏడో వంతు. ఇదే తేడా కృష్ణా నీటి వాటాల్లోనూ కనిపిస్తుంది. కృష్ణా జల వివాదాన్ని విచారించిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు లెక్కగట్టిన 811 టీఎంసీలలో (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలు ఉండేలా 2015లో తాత్కాలిక ఏర్పాటు జరిగింది. రెండు వాటాలను ఒకదానితో ఒకటి పోలిస్తే 512:299, అంటే ఇంచుమించు 1.7 రెట్లు, మొత్తంతో పోలిస్తే సుమారు 63 శాతం, 37 శాతం. శాతమన్నది పరపదం నూరుగా ఉండే నిష్పత్తికి పెట్టుకున్న పేరే.

తెలుగు నుడిలో పాళ్లు, వంతులు

నిష్పత్తి భావన తెలుగు వ్యాకరణంలో ముందే ఉంది. షష్ఠీ విభక్తి ప్రత్యయాలైన ‘కు’, ‘కి’ రేటుకు గుర్తుగా పనిచేస్తాయి: ఎకరాకు, రోజుకు, నూటికి, తలకు. ‘చొప్పున’ అన్న మాట ఆ రేటు మారదని హామీ ఇస్తుంది. ‘మనిషికి రెండేసి’ అన్నప్పుడు సంఖ్య చివర చేరే ‘ఏసి’ అదే పనిని ఒక్క అక్షరాల జంటతో చేస్తుంది; మనుషులు పెరిగితే మొత్తం పెరుగుతుందనీ, తలా దక్కేది మాత్రం రెండేననీ వినగానే తెలుస్తుంది. అందువల్ల తెలుగు పిల్లలకు రేటును పరిచయం చేయడానికి కొత్త పారిభాషిక పదాల కన్నా ఈ ప్రత్యయాలే దగ్గరి దారి.

అయితే ఇదే నుడి ఒక చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. మూడో వంతు అంటే మూడింట ఒకటి, మూడు వంతులు అంటే వాడుకలో నాలుగింట మూడు, మూడింతలు అంటే మూడు రెట్లు. ఉచ్చారణలో దగ్గరగా ఉండే ఈ మూడింటి విలువలు 1/3, 3/4, 3. పంటలో మూడో వంతు దక్కడానికీ మూడు వంతులు దక్కడానికీ మధ్య రెట్టింపుకు మించిన తేడా ఉంది కనుక, ఈ మాటలను పలకమీద బొమ్మగా గీయించి పోల్పించడం ఆరో తరగతి ఉపాధ్యాయుడు తప్పక చేయవలసిన పని. వీధిబడుల కాలంలో పిల్లలు వీసం (పదహారో వంతు), పరక (ఎనిమిదో వంతు), పావు, అర, ముప్పావు ఎక్కాలను నోటికి నేర్చేవారు. పేరున్న ప్రతి భిన్నమూ ఒక నిష్పత్తే కనుక వారికి పాళ్ల లెక్క విడిగా మొదలయ్యేది కాదు.

రేటు: క్యూసెక్కు నుంచి టీఎంసీ దాకా

రేటును అర్థం చేసుకోవడానికి ఈ సీమలో నీటిని మించిన సాధనం లేదు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మొదటిది ప్రవాహపు రేటు, రెండోది నిలవ. ఒకటి నడక వేగం వంటిది, మరొకటి నడిచిన దూరం వంటిది. రోజులో 86,400 సెకన్లు ఉన్నాయి గనుక ఒక క్యూసెక్కు రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు చేరుతాయి. వంద కోట్లను దానితో భాగిస్తే 11,574 వస్తుంది. అంటే 11,574 క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ ఎడతెగకుండా పారితే ఒక టీఎంసీ. శ్రీశైలం జలాశయం నుంచి సీమకు నీరిచ్చే పోతిరెడ్డిపాడు తలుపుల సామర్థ్యం తొలుత సుమారు 11,000 క్యూసెక్కులు, అంటే రోజుకు ఒక టీఎంసీకి కొంచెం తక్కువ. దాన్ని 44,000కు పెంచాక రోజుకు 3.8 టీఎంసీలు. వార్తల్లో నీటి లెక్క చదివే పెద్దలు సైతం ఈ రెండు ప్రమాణాలను కలగలుపుతారు కనుక ఏడో తరగతి విద్యార్థి చేత ఈ మార్పిడి ఒకసారి చేయించడం ఎంతో మేలు.

కర్నూలు–కడప కాలువ లెక్క మరింత లోతైనది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో సుంకేసుల ఆనకట్ట నుంచి తవ్వించగా 1882లో ప్రభుత్వం కొనుక్కున్న ఈ కాలువకు బచావత్ ట్రిబ్యునల్ 39.9 టీఎంసీలు కేటాయించింది. ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు. ఆయకట్టును నీటితో భాగిస్తే టీఎంసీకి దాదాపు 6,600 ఎకరాలు వస్తుంది. నీటిని ఆయకట్టుతో భాగిస్తే ఎకరాకు లక్షన్నర ఘనపుటడుగులు వస్తుంది. ఎకరా వైశాల్యం 43,560 చదరపుటడుగులు కనుక ఆ నీరంతా పొలంలో నిలబెడితే లోతు మూడున్నర అడుగులకు దగ్గరగా ఉంటుంది. దారిలో ఇంకేదీ ఆవిరయ్యేదీ తీసివేయకముందు లెక్క ఇది. మూడున్నర అడుగులంటే వెయ్యి మిల్లీమీటర్లకు పైమాటే. ఆకాశం ఏడాదంతా ఇచ్చేది ఏడు వందలు. కేటాయించిన నీరు నిండుగా వచ్చిన ఏడు కాలువ కింది వరికీ, ఆ పక్కనే ఉన్న మెట్ట చేనికీ ఉన్న దూరాన్ని ఈ రెండు సంఖ్యల కన్నా తేటగా చెప్పగలిగినవి అరుదు. ఒకే రెండు రాశుల నుంచి రెండు రేట్లు పుట్టాయన్నది కూడా గమనించదగ్గది: టీఎంసీకి ఎన్ని ఎకరాలన్నది ఇంజనీరు అడిగే ప్రశ్న, ఎకరాకు ఎంత నీరన్నది రైతు అడిగే ప్రశ్న. ఒకటి రెండోదానికి వ్యుత్క్రమం. కర్నూలు సీమలోని గని, శకునాల గ్రామాల సౌర విద్యుత్ పార్కులో 1,000 మెగావాట్లకు 5,900 ఎకరాలకు పైగా నేల పట్టిందంటే మెగావాటుకు ఆరెకరాలని ఒకరూ, ఎకరాకు మెగావాటులో ఆరో వంతని మరొకరూ చెప్పవచ్చు. రెండూ ఒకే నిజం.

వాన కొలత కూడా రేటే. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఎకరాకు 4,047 చదరపు మీటర్లు గనుక ఇరవై ఐదు మిల్లీమీటర్ల వాన ఎకరా నేల మీద లక్ష లీటర్లకు పైగా నీటిని కురిపిస్తుంది.

వడ్డీ రేటు గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పల్లెల్లో ‘నూటికి రెండు’ అంటే నెలకు నూరు రూపాయలకు రెండు రూపాయలు. కాలం పేరెత్తకపోయినా నెల అన్నది అందులో ఇమిడి ఉంది. బ్యాంకు చెప్పే శాతం ఏడాదికి. కనుక నూటికి రెండు ఏడాదికి 24 శాతానికి సమానం, అదీ బారువడ్డీ లెక్కన. రెండు రేట్లను పోల్చే ముందు వాటి హారాలు ఒకటేనా కాదా చూడాలన్న నియమానికి ఇంతకన్నా పనికొచ్చే ఉదాహరణ ఉండదు. ఏడు శాతం బ్యాంకు అప్పు కన్నా నూటికి రెండు చౌక అనుకున్నవారు మూడు రెట్లకు మించి చెల్లించవలసి వస్తుంది.

త్రైరాశికం నుంచి అనుపాత స్థిరాంకం దాకా

నాలుగు రాశులు అనుపాతంలో ఉన్నప్పుడు చివరలనున్న రెండింటిని అంత్యములనీ, నడుమనున్న రెండింటిని మధ్యములనీ అంటారు. అంత్యముల లబ్ధం మధ్యముల లబ్ధానికి సమానం. మూడు రాశులు తెలిస్తే నాలుగోది కనుక్కునే ఈ పద్ధతి భారతీయ గణితంలో త్రైరాశికంగా ప్రసిద్ధం. ఆర్యభటుడు 499 ప్రాంతంలో దాన్ని సూత్రీకరించాడు, 628లో బ్రహ్మగుప్తుడు విస్తరించాడు, తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో దానికి పెద్ద చోటిచ్చాడు. పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి, అందులోని జైన ప్రస్తావనల స్థానంలో శైవ ప్రస్తావనలు ఉంచి, తెలుగులో గణితశాస్త్ర రచనకు నాంది పలికాడు. ఆయన పదకొండో శతాబ్దివాడని పలువురి అభిప్రాయం. త్రైరాశికంలో తెలిసిన కొలత ప్రమాణం, దానికి వచ్చేది ఫలం, కోరుకున్న కొలత ఇచ్ఛ, దానికి రావలసినది ఇచ్ఛాఫలం. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. సీమలో శెనక్కాయ అని పిలిచే వేరుశనగలో నూరు కిలోల కాయ ఒలిస్తే సుమారు డెబ్భై కిలోల గింజ వస్తుందనుకుంటే, 260 కిలోల కాయకు 70ని 260తో గుణించి నూరుతో భాగిస్తే 182 కిలోలు.

ఏకవస్తు పద్ధతి ఇదే లెక్కను రెండడుగుల్లో చేస్తుంది: ముందు ఒక కిలో కాయకు 0.7 కిలో గింజ అని తేల్చి, తరువాత 260తో గుణిస్తుంది. ఫలితం ఒకటే అయినా రెండింటి మధ్య బోధనాపరమైన తేడా పెద్దది. అడ్డంగా గుణించే సూత్రంలో నడుమ వచ్చే 18,200 అన్న సంఖ్యకు ఏ అర్థమూ లేదు; అది కిలోలూ కాదు, శాతమూ కాదు. ఏకవస్తు పద్ధతిలో వచ్చే 0.7కు మాత్రం నిండైన అర్థం ఉంది: కాయ ఎంత తెచ్చినా మారకుండా నిలిచేది అదే. దాన్నే అనుపాత స్థిరాంకం అంటారు. కాయ బరువును అడ్డంగా, గింజ బరువును నిలువుగా గుర్తించి గ్రాఫు గీస్తే మూలబిందువు గుండా పోయే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలే 0.7. మరో విత్తన రకానికో, కరవులో పండిన తాలు కాయకో ఆ వాలు మారుతుంది, ఒక మూటకు మాత్రం అది స్థిరం. వడ్ల విషయంలో ప్రభుత్వ సేకరణకు పచ్చి బియ్యం లెక్క నూటికి 67గా నిర్ణయించడం కూడా ఇలాంటి స్థిరాంకాన్ని ఒప్పందంగా మార్చుకోవడమే.

కోరు, గుత్త

మెట్ట నేలల కౌలులో సీమ రైతులు పాటించే రెండు పద్ధతులు అనుపాత సంబంధానికీ అనుపాతం కాని సంబంధానికీ గల భేదాన్ని ఏ పాఠ్యపుస్తకమూ చూపనంత స్పష్టంగా చూపుతాయి. కోరు అంటే పండినదాంట్లో వాటా. సగం కోరు అయితే పంట రెండు పాళ్లై నేలగల వారికొకటి, సేద్యం చేసినవారికొకటి దక్కుతుంది. గుత్త అంటే పంట ఎంతైనా, అసలు పండకపోయినా ముందుగా మాట్లాడుకున్నంత ఇచ్చేయడం. ఐదెకరాల చేనులో మంచి ఏట ముప్పై క్వింటాళ్లు, పాడు ఏట పది క్వింటాళ్లు పండిందనీ, గుత్త పది క్వింటాళ్లకు సమానమనీ ఉదాహరణకు అనుకుంటే, కోరులో సేద్యగాడికి మంచి ఏట పదిహేను, పాడు ఏట ఐదు మిగులుతుంది: పంట మూడో వంతుకు పడిపోతే వాటా కూడా మూడో వంతుకే పడింది. గుత్తలో మంచి ఏట ఇరవై, పాడు ఏట సున్న. మంచి ఏట గుత్త లాభసాటి, పాడు ఏట నిలువు నష్టం.

గణిత భాషలో మొదటిది వాటా = పంట × ½, రెండోది మిగులు = పంట − 10. రెండింటి గ్రాఫులూ సరళరేఖలే, కానీ మొదటి రేఖ మూలబిందువు గుండా పోతుంది, రెండోది పోదు. ఎనిమిదో తరగతిలో చాలామంది విద్యార్థులు సరళరేఖ కనబడగానే అనుపాతం అని రాస్తారు. ఒకటి పెరిగితే మరొకటి పెరుగుతోంది కదా అన్నది వారి కారణం. అనుపాతానికి అది చాలదు. మొదటి రాశి సున్న అయినప్పుడు రెండోది సున్న కావాలి, మొదటిది సగమైనప్పుడు రెండోది సరిగ్గా సగం కావాలి. వాన నమ్మకం లేని నేలలో స్థిరమైన తీసివేత ఎంత బరువో తెలిసిన పిల్లలకు ఈ భేదం రేఖాచిత్రం కన్నా ముందే తెలుసు. దాన్ని బడి భాషలోకి తేవడమే మిగిలిన పని.

సీమ చరిత్రలో ఈ భేదానికి పాలనాపరమైన రూపమూ ఉంది. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించి శిస్తు కట్టాడు. ఆ శిస్తు స్థూల ఫలసాయంలో దాదాపు 45 శాతానికి చేరుతోందనీ, మూడో వంతుకు మించకూడదనీ ఆయన అభిప్రాయానికి వచ్చి, 1807లో నాలుగో వంతు తగ్గించాలని ప్రతిపాదించాడు. 45లో నాలుగో వంతు తీసేస్తే 33.75, అంటే మూడో వంతుకు ఆనుకుని వస్తుంది. ప్రతిపాదనలోని 25 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ చిన్న లెక్క చెబుతుంది. 45 నుంచి మూడో వంతుకు దిగడం దాదాపు పన్నెండు పాయింట్ల తగ్గుదల, అదే సమయంలో దాదాపు పాతిక శాతం తగ్గింపు. శాతాల మధ్య తేడాకూ శాతం తగ్గుదలకూ గల ఈ భేదం నేటికీ విద్యార్థులను తికమక పెడుతుంది. అప్పట్లో ఆమోదం దొరకని ఆ తగ్గింపునకు మన్రో 1820లో మద్రాసు గవర్నరు అయ్యాక గాని దారి దొరకలేదు. ఆయన 1827లో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో మరణించాడు. అయితే శిస్తును ఫలసాయంలో వంతుగా ఆలోచించి కట్టినా, వసూలు చేసింది పొలానికి ఇంతని రూపాయల్లో. కాగితం మీద కోరులా పుట్టిన లెక్క, చేలోకి వచ్చేసరికి గుత్తగా మారింది.

విలోమానుపాతం: చెరువు, కరువు

ఒక రాశి రెట్టింపైతే రెండోది సగమయ్యే సంబంధం విలోమానుపాతం. ఇందులో స్థిరంగా నిలిచేది భాగఫలానికి బదులు లబ్ధం. పూర్వులు దీన్ని వ్యస్త త్రైరాశికం అన్నారు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం ఈ లెక్కకు కావలసిన రాశులను స్వయంగా ఇస్తుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువు గురించి 1369 నాటి సంస్కృత శాసనం రోజుకు వెయ్యి మంది కూలీలు పనిచేశారనీ, రాతి పనికి వంద బళ్లు నడిచాయనీ, రెండేళ్లలో పూర్తయిందనీ చెబుతుంది. ఏడాదికి మూడు వందల పనిదినాలనుకుంటే ఆరు లక్షల కూలిదినాలు. ఐదు వందల మందైతే నాలుగేళ్లు, రెండు వేల మందైతే ఒక ఏడు. కానీ ఆరు లక్షల మందిని తెచ్చి ఒక్క రోజులో కట్టించడం కుదరదు. కట్ట మీద నిలబడే చోటు ఉండదు, మట్టి కుదురుకోవడానికి కాలం కావాలి. విలోమానుపాతం కొంత మేరకే నిలుస్తుందనీ, ఆ మేర ఎంతో సూత్రం చెప్పదనీ విద్యార్థికి తెలియాలి.

మరో విలోమ సంబంధం బాధాకరమైనది. కూలి స్థిరంగా ఉండి ధాన్యం ధర రెట్టింపైతే ఆ కూలికి దొరికే ధాన్యం సగమవుతుంది, ధర మూడింతలైతే మూడో వంతవుతుంది. ధాత కరువుగా పేరుపడిన 1876–78 నాటి క్షామంలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు, సహాయ పనుల కూలికి ధాన్యమే కొలమానమైంది. అంతకుముందు మగవారికి రోజుకు ఒకటిన్నర పౌన్ల ధాన్యానికి, దానిపై కొంత నగదుకు సరిపడేలా ఉన్న కూలిని 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఒక పౌనుకు, కొంత నగదుకు కుదించాడు. నిష్పత్తిలో చెబితే ధాన్యం 3:2గా తగ్గింది. మద్రాసు ప్రజారోగ్య అధికారి కార్నిష్ అంత తక్కువ తిండితో మట్టి పని చేసే శరీరం నిలవదని గట్టిగా వాదించిన మీదట ఆ ఏడాది మే నెలలో కూలి పెరిగింది. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. ‘రోజుకు ఒక పౌను’ అన్న రేటులోని హారంలో ఒక మనిషి ఒక రోజు బతుకు ఉంది. రేట్ల పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా వదిలేయడానికి కారణమేమీ లేదు.

అనుపాతం కాని చోట అనుపాతం

బోరు తవ్వినప్పుడు నీళ్లు పడితే ‘రెండించుల నీళ్లు’ అంటారు. వి ఆకారపు గాడి చెక్కిన రేకు మీదుగా నీటిని వదిలి, ఆ గాడిలో నీరు ఎన్ని ఇంచుల ఎత్తున పారుతోందో చూసి చెప్పే కొలత అది. ఒక ఇంచు నీటికి రెట్టింపు రెండించుల నీరని అనుకోవడం సహజం. కానీ గాడిలో నీటి ఎత్తు పెరిగేకొద్దీ వెడల్పు కూడా పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. అందుకే ప్రవాహం ఎత్తుకు రెండున్నర ఘాతంగా మారుతుంది. ఒకటిన్నర ఇంచు నీరు ఒక ఇంచుకు 2.8 రెట్లు, రెండించులు 5.7 రెట్లు, మూడించులు 15.6 రెట్లు. రెండించుల బోరు కాలక్రమాన ఒక ఇంచుకు దిగిందంటే సగం నీరు పోయిందని కాదు, ఆరింట ఐదు పాళ్లు పోయిందని అర్థం.

శ్రీశైలం మట్టాల లెక్క కూడా ఇలాంటిదే. 885 అడుగుల నిండు మట్టంలో సుమారు 215 టీఎంసీలు, 854 అడుగుల వద్ద దాదాపు 90, 834 వద్ద 54 లోపు నీరు ఉంటుంది. మట్టాన్ని సముద్రతలం నుంచి కొలుస్తారు కనుక 854ను 885తో భాగిస్తే 96 శాతం వస్తుంది, నిలవ మాత్రం 42 శాతమే. పై 31 అడుగుల్లో అడుగుకు సగటున నాలుగు టీఎంసీలు, దిగువ ఇరవై అడుగుల్లో రెండు టీఎంసీల లోపు. జలాశయం పైకి పోయేకొద్దీ విప్పారే గిన్నె వంటిది కనుక రేటే మారిపోతోంది. సీమ ప్రాజెక్టుల చర్చలో 854 అన్న సంఖ్య పదేపదే ఎందుకు వినబడుతుందో ఈ సంఖ్యలతో గ్రాఫు గీసిన విద్యార్థికి విడిగా వివరించనక్కరలేదు.

తరగతి గదిలో

అనుపాతం నేర్చేటప్పుడు పిల్లలు చేసే పొరపాట్లలో ప్రపంచమంతటా కనబడేది కూడిక ధోరణి. పది లీటర్ల నీటికి ఇరవై మిల్లీలీటర్ల మందు కలపాలంటే పదహారు లీటర్ల ట్యాంకుకు ఎంత అని అడిగితే, నీరు ఆరు పెరిగింది కనుక మందు కూడా ఆరు పెంచి ఇరవై ఆరు అని చెప్పేవారు ఉంటారు. సరైన జవాబు ముప్పై రెండు. అమెరికాలో రాబర్ట్ కార్ప్లస్, ఆయన సహచరులు పొడుగు, పొట్టి మనుషుల బొమ్మలతో చేసిన పరిశీలనలు ఈ ధోరణి వయసుతో దానంతటదే పూర్తిగా పోదని చూపాయి. పట్టికగా రాయించడం, రెట్టింపులు, సగాల మీదుగా నడిపించడం, ‘లీటరుకు ఎంత’ అని అడగడం దీన్ని మాన్పడానికి మంచి దారులు. సూత్రాన్ని ముందే అందిస్తే పొరపాటు దాగుతుంది గాని పోదు.

బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్మే పిల్లల మీద కారహెర్ దంపతులు, ష్లీమన్ 1985లో ప్రచురించిన అధ్యయనం మరో కోణం తెరిచింది. బేరంలో ఎదురైన లెక్కలకు ఆ పిల్లలు 98 శాతం సరైన జవాబులు చెప్పారు. అవే లెక్కలను సందర్భం లేకుండా అంకెలుగా రాసిస్తే సరైనవి 37 శాతమే. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు మార్కెట్లకు పెద్దల వెంట వెళ్లే పిల్లల చేతిలోనూ అలాంటి లెక్క ఉంటుంది. అది నోటిలెక్కగానే మిగిలిపోకుండా పట్టికగా, సమీకరణంగా, గ్రాఫుగా మారే చోటు బడి మాత్రమే.

బడి ఎందరికి అందిందన్నదీ రేటే. అప్పట్లో ఆదోని, ఆలూరు ప్రాంతాలు కూడా కలిసి ఉన్న బళ్లారి జిల్లాకు కలెక్టరైన క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ప్రకారం 9,27,857 మంది జనాభాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. బడికి పన్నెండుగురు, వెయ్యి మందికి ఏడుగురు. మొదటి సంఖ్య చూస్తే పంతులుకు పిల్లల మీద శ్రద్ధ పెట్టగల తీరిక ఉందనిపిస్తుంది. రెండోది చూస్తే వెయ్యిలో తొమ్మిది వందల తొంభై ముగ్గురు ఆ గడప వెలుపలే ఉన్నారని తెలుస్తుంది. జనాభాలో పెద్దలు, పసివాళ్లు కూడా కలిసి ఉన్నందున ఈ హారం బడి ఈడు పిల్లల సంఖ్య కన్నా చాలా పెద్దది; ఆ ఈడు పిల్లలనే హారంగా తీసుకుంటే రేటు పెరుగుతుంది. 6,641 అన్న లవం మాత్రం మారదు.